అక్టోబరులో చూడాల్సిన ఊరు

సముద్రం పక్కన కాపురం పెడదామన్న ఆలోచన హైదరాబాద్ వాళ్లకు ఎక్కువగా జనవరిలో పుడుతుంది. సంక్రాంతి సెలవులకు విశాఖ వెళ్తారు. సాయంత్రం ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని మురీ మిక్స్చర్ తింటారు. అప్పుడు చలీ ఉండదు, ఎండా ఉండదు, ఒళ్లు నిమిరే గాలి తప్ప. "ఆ ట్రాఫిక్కూ, ఆ నీళ్ల ట్యాంకర్లూ మనకెందుకండీ, ఇక్కడికే వచ్చేద్దాం" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. తిరుగు రైలెక్కేలోపు ఇద్దరు ముగ్గురు బ్రోకర్ల నంబర్లు ఫోన్లో చేరిపోతాయి. ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగాలు వచ్చాక ఈ మాట పెన్షనర్ల దగ్గరే కాదు, ముప్పయ్యేళ్ల వాళ్ల దగ్గరా వినిపిస్తోంది.

అయితే జనవరిలో తీరం ముస్తాబై కూర్చుంటుంది. తూర్పు తీరం స్వభావం తెలిసేది మేలో, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పడమటి తీరానిది జూన్, జులైలలో. సెలవుల్లో చూసిన ఊరికీ, ఆ నెలల్లో బతకాల్సిన ఊరికీ పోలిక తక్కువ. తెలుగు కుటుంబం ఒకటి తీరానికి మారాలనుకుంటే ఏ ఊరు, ఎందుకు, ఏ పేటలో అన్నది ఆ కష్టకాలం నెలల వైపు నుంచి చూద్దాం. సముద్రాన్ని దూరం నుంచి చదవడం మనకు కొత్తేమీ కాదు. దేశమంతటికీ సునామీ హెచ్చరికలు పంపే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లోని ప్రగతినగర్‌లోనే.

ఊరి కంటే ముందు ఎత్తు

బంగాళాఖాతంలో పుట్టే తుపాన్లు అరేబియా సముద్రంలో పుట్టేవాటికి సుమారు నాలుగింతలని చాలాకాలంగా ఉన్న లెక్క. 2021 మేలో వచ్చిన తౌక్టే లాంటివి చూశాక పడమటి తీరం కూడా నిశ్చింతగా లేదు. అయినా మొత్తం మీద తూర్పు వైపే భయం ఎక్కువ.

తుపాను మూడు రకాలుగా కొడుతుంది: గాలి, వాన, ఉప్పెన. ప్రాణాలు ఎక్కువగా తీసేది ఉప్పెన. సముద్రం చాలా దూరం లోతు లేకుండా ఉండి, దాని వెనక నేల బల్లపరుపుగా ఉంటే నీరు గోడలా లోపలికి వస్తుంది. 1864 నవంబరు 1 రాత్రి బందరులో సుమారు 30 వేల మంది పోయింది అలాగే. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా కొట్టుకుపోయిందీ అలాగే. ఒడ్డు దగ్గరే లోతెక్కే సముద్రం, దాని వెనక కొండలు ఉన్నచోట ఉప్పెన అంత ఎత్తు లేవదు. కానీ గాలి మాత్రం నేరుగా వచ్చి తగులుతుంది. హుద్‌హుద్ తుపాను 2014లో విశాఖను అలాగే కొట్టింది.

రెండోది కోత. 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు పోల్చిన జాతీయ తీర పరిశోధన కేంద్రం, దేశ ప్రధాన భూభాగపు తీరంలో మూడో వంతు కోతకు గురవుతోందని తేల్చింది. పశ్చిమ బెంగాల్‌లో ఇది దాదాపు 60 శాతం, కేరళలో 46 శాతం, మన ఆంధ్రలో 28 శాతం. శాతం తక్కువని సంబరపడటానికి లేదు. మీ ఇల్లు ఆ 28లో పడితే మీకది నూటికి నూరే.

మూడోది ఉప్పు. బీచ్‌కు ఎదురుగా ఉన్న ఫ్లాట్‌లో గ్రిల్స్, గేటు బందులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, స్కూటర్ సైలెన్సర్ అన్నీ హైదరాబాద్ కంటే చాలా ముందే తుప్పు పడతాయి. కంటికి కనిపించే ఈ తుప్పు కంటే కాంక్రీటు లోపల ఇనుపచువ్వకు పట్టేది ప్రమాదం. ఉప్పు లోపలికి ఇంకి, చువ్వ ఉబ్బి, స్లాబు పెచ్చులూడుతుంది. అందుకే ఐఎస్ 456 ప్రమాణం తీరపు గాలి తగిలే కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరింగ్ ఉండాలంటుంది. సముద్రపు తుంపర పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు కావాలి. బిల్డర్‌ను మాడ్యులర్ కిచెన్ గురించి అడిగేవాళ్లు చాలామంది, ఈ రెండు అంకెలు అడిగేవాళ్లు అరుదు.

నాలుగోది ఉక్కపోత. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఎండ ఎంత కాసినా రాత్రికి కాస్త తెరిపి ఉంటుంది. తీరంలో డిగ్రీలు తక్కువ, చెమట ఎక్కువ. తూర్పు తీరంలో మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి తిరిగితే బతికిపోతాం. మేలో పడమటి వడగాలి బలంగా వీస్తే మాత్రం ఆ సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాదు. ఆ రోజుల్లో విశాఖైనా చెన్నైయినా పొయ్యి మీద పెట్టిన ఇడ్లీ పాత్రే.

అయిదోది మంచినీళ్లు, ఆరోది ఆసుపత్రి. ఒడ్డుకు దగ్గరగా బోర్లు ఎక్కువై నీళ్లు ఎక్కువ తోడేస్తే ఉప్పునీరు కిందినుంచి లోపలికి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరు అంత తేలిగ్గా తీపెక్కదు.

ఈ ఆరూ కలిపి చూస్తే తేలేది ఒకటే. ఒక ఊరికీ ఇంకో ఊరికీ ఉన్న తేడా కంటే, అదే ఊళ్లో ఒక పేటకూ ఇంకో పేటకూ ఉన్న తేడా ఎక్కువ. ఇది గుర్తు పెట్టుకుని ఊళ్లలోకి వెళ్దాం.

విశాఖ: కొండ అండ, కొండ తంటా

మనవాళ్ల మనసులో మొదటి పేరు ఇదే, కారణాలూ ఉన్నాయి. 1933లో తెరిచిన ఓడరేవు, తూర్పు నౌకాదళ కేంద్రం, 1948లో జల ఉష ఓడను నీళ్లలోకి దించిన షిప్‌యార్డ్, ఉక్కు కర్మాగారం కలిసి దీన్ని నిజమైన నగరంగా చేశాయి. 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. 2011 లెక్కల ప్రకారమే 17 లక్షల జనం. 2023 సంక్రాంతికి మొదలైన వందే భారత్‌లో సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. భాష సమస్య లేదు. ఉత్తరాంధ్ర యాస చెవికి అలవాటు కావడానికి నెల చాలు.

ఇక రెండో వైపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా నగరం మీదే తీరం దాటింది. చెట్లు, స్తంభాలు, విమానాశ్రయం పైకప్పు ఏదీ మిగల్లేదు. చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు, కొవ్వొత్తులకూ పాల ప్యాకెట్లకూ క్యూలు కట్టారు. ఆ వారం ఇక్కడ గడిపినవాళ్లు ఇల్లు కట్టుకునేటప్పుడు పెద్ద పెద్ద అద్దాల కిటికీల జోలికి వెళ్లరు.

అంతకంటే నిత్యం ఉండే సమస్య గాలి. ఉత్తరాన కైలాసగిరి వైపు కొండలు, దక్షిణాన యారాడ కొండ. మధ్యలో గిన్నెలాంటి పల్లంలో ఓడరేవు, చమురు శుద్ధి, ఎరువుల కర్మాగారాలు. వన్‌టౌన్, జ్ఞానాపురం వాసులు ఇంటి గచ్చు మీద నల్లటి బొగ్గు ధూళి తుడవడం ఏళ్లుగా చేస్తున్న పని. గాజువాక, పరవాడ వైపు పరిశ్రమల లెక్క వేరు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. కాబట్టి విశాఖలో ఇల్లు చూసేవాళ్లు సముద్రం ఎంత దూరమన్నదాని కంటే చిమ్నీ ఎంత దూరమన్నది ముందు చూసుకోవాలి.

సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, ఎండాడ, మధురవాడ వైపు గాలి మెరుగు. భోగాపురం కొత్త విమానాశ్రయం మూలంగా నగరమూ అటే జరుగుతోంది. 2025 అక్టోబరులో గూగుల్ డేటా కేంద్రం కోసం అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించాక స్థలాల మాట మరీ వేడెక్కింది. డేటా కేంద్రాలకు కావలసిన మనుషులు తక్కువ, కరెంటూ నీళ్లూ ఎక్కువ. ఆ ప్రకటన చూసి ఉద్యోగం దొరుకుతుందని స్థలం కొనేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. నీళ్ల విషయానికొస్తే విశాఖ తాగే నీటిలో పెద్ద వాటా కాకినాడ జిల్లా ఏలేరు జలాశయం నుంచి సుమారు 150 కిలోమీటర్ల కాలువ దాటి వస్తుంది. దాహానికి పొరుగు జిల్లా మీద ఆధారపడిన నగరమిది.

సముద్రం చూడటానికే గాని దిగడానికి కాదని విశాఖ వాళ్లకు బాగా తెలుసు. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినా, ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా లోపలికి లాగేసే ప్రవాహాలకు ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఎక్కువగా పోయేది బయటి ఊళ్ల కుర్రాళ్లవే.

కాకినాడ: బల్లపరుపు సుఖం

"పెన్షనర్ల స్వర్గం" అన్న పేరు కాకినాడకు ఊరికే రాలేదు. తిన్నగా గీత గీసినట్టుండే వీధులు, సైకిల్ మీద తిరగగలిగే దూరాలు, గోదావరి కూరగాయలు, కోటయ్య కాజా. వైద్యానికి 1958 నాటి రంగరాయ వైద్య కళాశాల, దాని అనుబంధ ప్రభుత్వాసుపత్రి. ఇంటి అద్దె విశాఖతో పోలిస్తే జేబుకు భారం కాదు.

ఇక్కడి సముద్రం వేరే రకం. సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ ఇసుక మేట అడ్డంగా నిలబడి ఊరి ముందు నీటిని చెరువులా చేసింది. ఓడలకు ఇది వరం. అలల కోసం వచ్చినవాళ్లకు మాత్రం నిరాశ. దక్షిణాన కోరంగి మడ అడవులు తుపాను దెబ్బను కొంత తాము తింటాయి. ఉత్తరాన ఉప్పాడ దగ్గర మాత్రం కథ తిరగబడింది. సముద్రం ఇళ్లను, గుళ్లను, బీచ్ రోడ్డును పదేపదే మింగుతోంది. వేసిన రాళ్లు వేసినట్టే జారిపోతున్నాయి. ఒకే తీరంలో పక్కపక్కనే ఒకచోట మేట, ఒకచోట కోత.

కాకినాడకు ఉన్న అసలు లోటు ఎత్తు లేకపోవడం. విశాఖలో కొండ ఎక్కవచ్చు, ఇక్కడ మేడ మాత్రమే ఎక్కగలం. 1839 తుపాను పక్కనున్న కోరంగి రేవును తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. మామూలు వానకే కాలువల పక్క వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. ప్రధాన రైలు మార్గం సామర్లకోట మీదుగా పోతుంది, ఇది శాఖ మార్గంలో ఉంది. విమానానికి రాజమహేంద్రవరం వెళ్లాలి. గుండెకు, క్యాన్సర్‌కు పెద్ద వైద్యం కావలసి వస్తే చివరికి విశాఖో హైదరాబాదో తప్పదు.

బందరు, నెల్లూరు గురించి రెండు మాటలు. బందరులో కొత్త రేవు పనులు మొదలయ్యాయి, ఊరికి కళ రావచ్చు. కానీ ఉప్పెన చరిత్రలో దానికి సాటి లేదు. రేవు చూసి వ్యాపారం పెట్టవచ్చు, కింది అంతస్తులో కాపురం మాత్రం వద్దు. నెల్లూరు నిజానికి తీరానికి కాస్త లోపలున్న ఊరు, మైపాడు బీచ్‌కు బండి మీద వెళ్లాలి. చెన్నై దగ్గర, జాతీయ రహదారి, ప్రధాన రైలు మార్గం దీని బలాలు. 2021 నవంబరులో పెన్న పొంగి చూపించినట్టు, ఈ ఊరికి నీటి గండం సముద్రం నుంచి కంటే నది నుంచే ఎక్కువ.

చెన్నై: అన్నీ ఉన్న ఊరు

మద్రాసు మనకు పరాయి ఊరు కాదు. పానగల్ పార్కు పేరులో తెలుగు జమీందారు ఉన్నాడు, పూండి చెరువుకు వచ్చే కృష్ణ నీళ్లు 1996 నుంచి తెలుగు గంగ కాలువలో పారుతున్నాయి. ఉద్యోగాలు, మెట్రో, దేశంలోనే పేరున్న ఆసుపత్రులు ఈ జాబితాలో ఇంకే ఊరికీ ఇంతగా లేవు. డెబ్బై దాటిన తల్లిదండ్రులు, స్పెషలిస్టు దగ్గర నెలనెలా చూపించుకోవలసిన జబ్బు ఉంటే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి చెన్నై చూడవచ్చు.

దాని జబ్బు నీళ్లే, అదీ రెండు వైపులా. 2015 డిసెంబరు మొదటి రోజుల్లో నగరం మునిగింది. 2019 జూన్‌లో జలాశయాలు ఎండి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మళ్లీ మునిగింది. సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారాలు మింజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో వచ్చాయి, ఒక్కోటి రోజుకు 10 కోట్ల లీటర్లు. ఇవి దాహాన్ని కొంత తీర్చాయి, వరదను తీర్చలేవు. పళ్లికరణై చిత్తడి నేలను పూడ్చి లేచిన వేళచ్చేరి, ఐటీ కారిడార్ వైపు కాలనీల్లో అద్దె తక్కువని దిగితే నవంబరులో కారు ఫ్లైఓవర్ మీద నిలుపుకోవాలి. మిచౌంగ్ ముందు రాత్రి అక్కడివాళ్లు అదే చేశారు.

పుదుచ్చేరి అందమైన ఊరు, జిప్మర్ లాంటి ఆసుపత్రి ఉన్న ఊరు. 1980ల చివర్లో కట్టిన రేవు ఇసుకను అడ్డగించడంతో అక్కడి బీచ్ దశాబ్దాల పాటు రాళ్ల కుప్పగా మిగిలింది. ఇటీవలి ఏళ్లలో నీటిలో అడ్డుకట్ట లాంటిది దించాక కొంత ఇసుక తిరిగొచ్చింది. 2011 డిసెంబరు 30న థానే, 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాన్లు అక్కడే తీరం దాటాయి. నాలుగు రోజులు ఉండిరావడానికి బాగుంటుంది. నాలుగేళ్లు ఉండాలంటే పని ఏం చేస్తారన్నది ముందు తేల్చుకోవాలి.

పడమటి ఒడ్డు: వాన భరించగలిగితే

తుపాను భయం తగ్గించుకోవాలంటే అటు వెళ్లాలి. బదులుగా వాన భరించాలి. కొచ్చిలో ఏడాదికి సుమారు 300 సెంటీమీటర్లు, మంగళూరులో అంతకంటే ఎక్కువ. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేది మంగళూరులో జులై ఒక్క నెలలోనే కురిసి పోతుంది. చెప్పులకు బూజు, పుస్తకాలకు బూజు, బట్టలు ఆరడానికి మూడు రోజులు.

కొచ్చిలో 2017 నుంచి మెట్రో, 2023 ఏప్రిల్ నుంచి దీవులను కలిపే వాటర్ మెట్రో నడుస్తున్నాయి. ప్రజా రవాణాలో ఈ జాబితాలో చెన్నైకి దీటుగా నిలిచేది ఇదే. 2018 ఆగస్టు వరదల్లో దాని విమానాశ్రయం రెండు వారాలు మూతపడింది. 2023 మార్చిలో బ్రహ్మపురం చెత్తగుట్ట తగలబడి రోజుల తరబడి నగరం పొగలో ఉంది. శివార్లలోని చెల్లానంలో సముద్రం ఇళ్లలోకి వస్తుంటే నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మలతో గోడ కట్టాల్సి వచ్చింది.

ఈ వైపు మంగళూరు గురించి మనవాళ్లు తక్కువ వింటారు, ఎక్కువ వినాల్సిన ఊరు. ఊరు చాలావరకు ఎర్రమట్టి గుట్టల మీద ఉంది, కాబట్టి ఎత్తు సమస్య సగం తీరినట్టే. ఊరి పరిమాణానికి మించిన వైద్య కళాశాలలు, ఆసుపత్రులు ఉన్నాయి. అంత వాన పడినా వేసవి చివర నేత్రావతి మీది తుంబె ఆనకట్టలో నీరు తగ్గి కోతలు పెట్టే ఏళ్లున్నాయి. ఉళ్లాల వైపు తీరం కోసుకుపోతోంది. వీధిలో తుళు, కొంకణి, బ్యారీ, కన్నడ వినిపిస్తాయి, తెలుగు వినిపించదు. పెద్దవాళ్లకు అది చిన్న లోటు కాదు.

కాగితాల తీరం

స్థలం కొనేవాళ్లు సీఆర్‌జడ్ అన్న మూడక్షరాలు తప్పక తెలుసుకోవాలి. 1991లో వచ్చి, 2011లో, మళ్లీ 2018 పేరుతో 2019 జనవరిలో మారిన తీర నియంత్రణ నిబంధనలివి. ఆటుపోటుల్లో నీరు చేరే గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల దాకా వర్తిస్తాయి. పల్లె ప్రాంతాల్లో జనసాంద్రతను బట్టి 50 లేదా 200 మీటర్ల లోపల కొత్తగా కట్టడానికి వీల్లేదు. "సీ వ్యూ ప్లాటు, లేఔట్ అప్రూవ్డ్" అన్న బోర్డు చూసి అడ్వాన్సు ఇచ్చేముందు ఆ సర్వే నంబరు తీర మండల పటంలో ఎక్కడుందో చూసుకోండి.

పిల్లలున్నవాళ్లు చూసుకోవలసింది ఇంకొకటి. రాజ్యాంగంలోని 371-డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, ప్రవేశ పరీక్షకు అర్హత ఇచ్చే చదువుతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. హైదరాబాద్‌లో పదో తరగతి చదివించి ఇంటర్‌కు విశాఖ తెస్తే ఆ పిల్లవాడి స్థానికత చిక్కులో పడొచ్చు. మారితే తొమ్మిదో తరగతి నాటికే మారాలి, లేదా ఇంటర్ అయ్యాక. ఇంటికి బీమా మాత్రం ఇప్పుడు తేలికైంది. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద కూడా కలిసే ఉంటాయి.

తేలిందేమిటంటే

ఉద్యోగం, చదువు, భాష మూడూ కావలసిన తెలుగు కుటుంబానికి విశాఖే మొదటి ఎంపిక. బీచ్ రోడ్డు మీద వద్దు. ఒడ్డు నుంచి రెండు మూడు కిలోమీటర్లు లోపల, ఉత్తరం వైపు, ఎత్తున ఉన్న కాలనీ చూసుకోండి. పనులు ముగిసి, ఆరోగ్యం బాగున్న దంపతులకు కాకినాడ, అదీ మొదటి అంతస్తుకు తగ్గకుండా. వైద్యమే ముఖ్యమైతే చెన్నై, పల్లం కాని పేటలో. భాష అడ్డు కాదనుకునే, వానంటే ఇష్టమున్న కుర్రవాళ్లకు మంగళూరు. ఏ ఊరైనా సముద్రానికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలన్న కోరిక చంపుకుంటే సగం ఖర్చు, ముప్పావు బెంగ తగ్గుతాయి.

కొనేముందు ఒక ఏడాది అద్దెకుండండి. మేలో మొదలుపెట్టిన పదకొండు నెలల అద్దె ఒప్పందం మార్చి చివరికి పూర్తవుతుంది. ఎండ, వాన, తుపాను కాలం మూడూ చూసేస్తారు. అంత వీలు లేకపోతే ఇల్లు చూడటానికైనా అక్టోబరులో వెళ్లండి. బ్రోకర్‌తో మాట్లాడేముందు ఆ వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లి రెండే ప్రశ్నలు అడగండి: గత పెద్ద తుపానుకు ఇక్కడ నీళ్లు ఎంతదాకా వచ్చాయి, కరెంటు ఎన్నో రోజుకు వచ్చింది? కొట్టు యజమాని గోడ మీద చెయ్యి పెట్టి చూపించిన ఎత్తు చూసుకున్నాకే ఆ ఇంటి బేరం మొదలుపెట్టండి.